741 లోపలి బయాసింగ్ – ట్రాన్సిస్టరుకు ట్రాన్సిస్టరే తోడు

ప్రయోగశాలలో 741 ఐ.సి.తో ఆంప్లిఫయరు కట్టని ఎలక్ట్రానిక్స్ విద్యార్థి అరుదు. కాని దాని లోపలి సర్క్యూట్ పటం చూడగానే ఒక సందేహం కలుగుతుంది. క్లాసులో నేర్చుకున్న వోల్టేజి డివైడరు, ఎమిటర్ బైపాస్ కెపాసిటరు ఇందులో ఏవీ? ఎంత వెతికినా కనిపించవు. ఎందుచేత?

సంకేతం రూపు చెడకుండా పెరగాలంటే, సంకేతం లేనప్పుడు కూడా ట్రాన్సిస్టరులో నిలకడైన కరెంటు పారుతూ ఉండాలి. ఈ ఏర్పాటే బయాసింగ్. దీనికి మొదటి శత్రువు వేడి. అదే కరెంటుకు కావలసిన బేస్-ఎమిటర్ వోల్టేజి డిగ్రీకి సుమారు 2 మిల్లీ వోల్టుల చొప్పున తగ్గుతుంది. మనం ఆ వోల్టేజిని కదలకుండా పట్టి ఉంచామనుకోండి, 9 డిగ్రీల వేడికే 18 మిల్లీ వోల్టులు ఎక్కువ ఇచ్చినట్లయి, కరెంటు దాదాపు రెట్టింపవుతుంది! మన పుంగనూరు ఎండాకాలంలో తెల్లవారుజాముకూ మిట్టమధ్యాహ్నానికీ అంతకన్న ఎక్కువ తేడాయే ఉంటుంది కదా.

విడి భాగాలతో కట్టేటప్పుడు ఎమిటర్ రెసిస్టరుతో దీన్ని అదుపు చేస్తాం. చిప్ మీద పెద్ద రెసిస్టర్లకు, కెపాసిటర్లకు చోటు చాలదు. అయితే అక్కడ ఒక వరం ఉంది. పక్కపక్కన తయారైన రెండు ట్రాన్సిస్టర్లు దాదాపు ఒకే తీరుగా ఉంటాయి, ఒకే వేడికి లోనవుతాయి. 1960లలో ఫెయిర్‌చైల్డ్ కంపెనీలో బాబ్ విడ్లర్ ఈ జంట గుణాన్నే ఆసరా చేసుకున్నాడు. ఒక ట్రాన్సిస్టరు బేస్‌ను కలెక్టరుకు కలిపి, తెలిసిన కరెంటును పంపాలి. అక్కడ ఏర్పడిన వోల్టేజిని రెండోదాని బేస్‌కు ఇస్తే, అదీ అంతే కరెంటు పారిస్తుంది. వేడెక్కితే ఇద్దరికీ ఒకేలా మారుతుంది, కాడికి కట్టిన జోడెద్దుల్లాగ. దీనికే కరెంట్ మిర్రర్ అని పేరు.

1968లో వెలువడిన 741లో లెక్క చూద్దాం. సప్లయి ప్లస్ 15, మైనస్ 15, అంటే మొత్తం 30 వోల్టులు. రెండు జంక్షన్లకు 1.4 పోగా మిగిలిన 28.6 వోల్టులు 39 కిలో ఓమ్‌ల మీద పడతాయి. కరెంటు 0.73 మిల్లీ ఆంపియరు. కాని ఇన్‌పుట్ దశకు కావలసినది 19 మైక్రో ఆంపియర్లే. నేరుగా రెసిస్టరు పెడితే 15 లక్షల ఓమ్‌లు కావాలి. చిప్ మీద అది కుదిరే పని కాదు. అందుకని నకలు ట్రాన్సిస్టరు ఎమిటరులో 5 కిలో ఓమ్‌లు చేర్చారు. దానిపై పడే 95 మిల్లీ వోల్టులు బేస్-ఎమిటర్ వోల్టేజిలో తగ్గిపోతాయి. ఆ కాస్త తగ్గుదలకే కరెంటు 38వ వంతుకు దిగుతుంది. ఇది విడ్లర్ కరెంట్ సోర్స్.

ఇంకో లాభమూ ఉంది. సప్లయిని సగం చేస్తే మొదటి కరెంటు సగానికన్నా తగ్గుతుంది, ఈ చిన్న కరెంటు మాత్రం సుమారు 16 మైక్రో ఆంపియర్ల దగ్గరే నిలుస్తుంది. నమ్మకం కుదరకపోతే కాగితం, పెన్సిలు తీసుకొని లెక్క కట్టి చూడండి. సూత్రాన్ని కంఠస్థం చేసిన దానికన్న అది ఎక్కువకాలం గుర్తుంటుంది.