లేవకుండా కూర్చునే ఆట

పేకాట అనగానే మొహం అలా పెట్టకండి చెల్లాయిలూ. ముందు నేను చెప్పేది వినండి, ఆ తర్వాత తిట్టాలనిపిస్తే తిడుదురుగాని.

నెలకోసారి, రెండో శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక, మేం ఆరుగురు స్నేహితురాళ్ళం ఎవరో ఒకరింట్లో చేరతాం. రెండు పేకలు కలుపుతాం. దీపాలు పెట్టే వేళ దాకా రమ్మీ ఆడతాం. కాలేజీలో ఒకే హాస్టల్లో ఉన్నవాళ్ళం. పెళ్ళిళ్ళయి, ఊళ్ళు మారి, మళ్ళీ కాకినాడలోనే తేలాం. మొదట్లో చాప మీద కూర్చునేవాళ్ళం. ఇప్పుడు మోకాళ్ళ నొప్పులొచ్చి డైనింగ్ టేబుల్ చుట్టూ చేరుతున్నాం. దాని మీద పాత దుప్పటి ఒకటి మడిచి పరవాలి, లేకపోతే అద్దంలాంటి ఆ చెక్క మీద ముక్క ఎత్తుకోవడానికి గోరు ఆనదు.

ఆడవాళ్ళకి ఇదేం ఆట అని నన్ను చాలామంది అడిగారు. మన పెళ్ళిళ్ళు గుర్తు తెచ్చుకోండి. విడిదింట్లో దుప్పట్లు పరుచుకుని మగవాళ్ళు తెల్లవార్లూ పేకాడతారు. బావగార్లూ, మామగార్లూ, ఎప్పుడో పదేళ్ళ కిందట మాటలు ఆగిపోయిన అన్నదమ్ములూ, అందరూ ఆ గుంపులో కలిసిపోతారు. మనం వాళ్ళకి కాఫీలు అందిస్తాం, పిల్లల్ని పడుకోబెడతాం, రేపటి కూరలకి బీరకాయలు తరుగుతాం. మనం ఊరికే కూర్చోవడం ఎక్కడుంది? చేతిలో కత్తిపీట ఉండాలి, లేదా పూలదండ ఉండాలి. పేరంటానికి వెళ్ళినా అంతే. తాంబూలం పుచ్చుకుని, బొట్టు పెట్టించుకుని, ఇంట్లో పనుందని లేచి వచ్చేస్తాం. నలుగురం కలిసినప్పుడల్లా ఎవరో ఒకరు లేచి వంటింట్లోకి వెళ్ళడమే. సగం మాట అక్కడే తెగిపోతుంది.

రమ్మీలో మాత్రం పదమూడు ముక్కలు చేతిలో పట్టుకున్నాక లేవడానికి వీల్లేదు. లేస్తే మిగతా ఐదుగురి ఆటా ఆగిపోతుంది. కుక్కరు కూసినా, గుమ్మంలో బెల్లు మోగినా ఆ ఇంట్లో ఇంకెవరో చూసుకోవలసిందే. నాకీ ఆట మీద ప్రేమ పుట్టింది అందుకే. మమ్మల్ని కాసేపు కుదురుగా కూర్చోబెట్టింది.

మన అమ్మమ్మలకి ఈ సంగతి తెలుసు. మధ్యాహ్నం పూట అరుగు మీద అష్టాచెమ్మా గళ్ళు గీసుకునేవాళ్ళు, వామనగుంటల పీట ముందేసుకునేవాళ్ళు, పచ్చీసు పరిచి గవ్వలు వేసేవాళ్ళు. వాటికెవరూ వంక పెట్టలేదు. పేకకి మాత్రం చెడ్డపేరు వచ్చింది. గురజాడవారి కన్యాశుల్కంలో కూడా పేకాటలో కూర్చునేది వేశ్య అయిన మధురవాణి. సంసార స్త్రీ పేక ముట్టుకోవడమేమిటన్న ఆలోచన మన ఇళ్ళల్లో చాలా కాలం ఉండిపోయింది.

ఆ చెడ్డపేరు ఊరికే రాలేదని నాకూ తెలుసు. పేకాటలో పొలాలు పోగొట్టుకున్న ఇళ్ళు గోదావరి జిల్లాల్లో ఊరికొకటైనా ఉంటాయి. ఫోనులోకి రమ్మీ వచ్చాక మరీ ఘోరమైపోయింది. ఎదురుగా మనిషి ఉండడు. చాలించమని చెప్పే నోరు ఉండదు. అర్ధరాత్రి దుప్పటి కింద ఆడుకుంటూ జీతమంతా పోగొట్టుకున్న కుర్రాళ్ళ తల్లులు నా దగ్గర కూర్చుని ఏడ్చారు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో ఇలాంటి ఆన్‌లైన్ డబ్బు ఆటలన్నిటినీ దేశమంతటా నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేసింది. ఆ నిషేధాలు రావలసినవే అని నేను గట్టిగా నమ్ముతాను. ఇంట్లో ఎవరి ఫోనులోనైనా అలాంటిది కనబడితే మొహమాటపడకుండా తీయించేయండి.

మా బల్ల మీద ఆట వేరు. రమ్మీ గురించి సుప్రీంకోర్టు చెప్పిన మాట ఒకటి మీరూ తెలుసుకోవాలి. సికింద్రాబాద్‌లో ఒక రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు దాడి చేసిన కేసు ఢిల్లీ దాకా వెళ్ళింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ కె. సత్యనారాయణకీ మధ్య నడిచిన ఆ కేసులో 1967లో తీర్పు వచ్చింది. మూడు ముక్కలాటలాగా రమ్మీ పూర్తిగా అదృష్టం మీద నడిచేది కాదనీ, పడిన ముక్కల్ని గుర్తుపెట్టుకోవాలనీ, ఏది ఉంచుకోవాలో ఏది పడేయాలో తెలియడానికి నేర్పు కావాలనీ కోర్టు అంది. మేమూ మూడు ముక్కలాట జోలికి పోం. అందులో ఆలోచించడానికేమీ లేదు, పందెం పెంచడం తప్ప.

రమ్మీలో ఆ నేర్పు ఎలాంటిదో చెబుతాను. నా చేతిలో ఆఠీను అయిదూ ఆరూ ఉన్నాయనుకోండి. పక్కన నాలుగో ఏడో చేరాలి. రెండు పేకలు కాబట్టి ఆఠీను ఏడులు రెండే ఉంటాయి. ఒకటి ఇందాకే ఎవరో పడేస్తే నా ఎదుటావిడ తీసేసుకుంది. రెండోది కింద పడింది, దాని మీద అప్పుడే నాలుగు ముక్కలు కప్పేశాయి. ఇక ఏడు కోసం కూర్చుంటే దండగ, ఆశంతా నాలుగు మీదే. ఇది గుర్తుండాలంటే ఆరుగురి చేతుల మీదా కన్నుండాలి. జోకరు కలవని సీక్వెన్సు ఒకటి ముందు పడితీరాలి. దాన్ని మేం లైఫ్ అంటాం. మనకి లైఫ్ పడకముందే ఎవరైనా షో చెప్పేశారా, చేతిలో ముక్కలన్నీ లెక్కకొస్తాయి. ఆసూ, రాజూ, రాణీ, జాకీ తలా పది. ఫుల్ కౌంటు ఎనభై. నూట ఒకటికి చేరితే అవుట్. ముక్కలు చూడగానే బాగాలేవనుకుంటే ఇరవైతో స్కూటు కొట్టి తప్పుకోవచ్చు, మధ్యలో తప్పుకుంటే నలభై.

ఈ స్కూటు దగ్గరే మనుషులు బయటపడతారు. బ్యాంకులో పనిచేసి రిటైరైన మా స్నేహితురాలు జోకరు లేకపోతే మారు మాట్లాడకుండా ముక్కలు బోర్లా పెట్టేస్తుంది. పోయేది ఇరవయ్యేగా అంటుంది. లెక్కలు చెప్పిన టీచరమ్మ మటుకు తన ఆటలో ఎన్నడూ స్కూటు కొట్టి ఎరగదు. పదమూడు ముక్కల్లో ఏ రెండూ కలవకపోయినా చివరి దాకా కూర్చుంటుంది. ఆ మొండితనంతోనే మంచాన పడ్డ అత్తగారిని ఏళ్ళ తరబడి చూసుకుంది. అందుకని ఆవిడ ఆటని మేమెవరం ఎగతాళి చెయ్యం.

ఇన్నాళ్ళ పరిచయంలో ఒకరి చేతులు ఒకరికి కంఠతా వచ్చేశాయి. ఒకావిడ ముక్కని కొంచెం పైకి తీసి, మళ్ళీ లోపలికి నెట్టి, ఇంకోటి పడేసిందంటే రెండు వైపులా ఆశపెట్టుకుందని అర్థం. ఇంకొకావిడకి లైఫ్ పడితే గాజులు మోచేతి వైపు తోసుకుంటుంది. ఇంతవరకూ ఆవిడకి ఆ సంగతి చెప్పలేదు మేం.

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. చూపు ముక్కల మీద ఉన్నప్పుడు నోటికి భయం పోతుంది. మామూలుగా మనం ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ చెప్పలేని మాటలున్నాయి కదా. కొడుకు మాట్లాడటం మానేశాడన్నదీ, ఇంటి లోను కట్టలేకపోతున్నామన్నదీ, ఒంట్లో మార్పులు వచ్చి రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదన్నదీ. సోఫాలో ఎదురుగా కూర్చోబెట్టి ఏమైంది చెప్పవే అంటే గొంతు పెగలదు. ముక్కలు సర్దుకుంటున్నప్పుడు వాటంతటవే వచ్చేస్తాయి.

ఓ శనివారం ఆట సగంలో ఉంది. ఒకావిడ పేకలోంచి ముక్క తీసింది, చేతిలో అటూ ఇటూ మార్చి చూసుకుంది. తలెత్తకుండానే, “సోమవారం బయాప్సీ రిపోర్టు వస్తుందర్రా. ఇంట్లో ఇంకా చెప్పలేదు” అంది. కళావరు తొమ్మిది పడేసింది. ఎవరమూ గుండెలు బాదుకోలేదు. ఆవిడ తర్వాతావిడ కాసేపు ఆ తొమ్మిది వంక చూసి, దాన్ని వదిలేసి, పేకలోంచి తన ముక్క తను తీసుకుంది. వంతు నడుస్తూనే ఉంది. “సోమవారం నేను వస్తా” అని ఒకరు, “ఆయనకి ఈ రాత్రే చెప్పు, రిపోర్టు వచ్చేదాకా ఆగకు” అని ఒకరు, “ఏ డాక్టరు చూస్తున్నారు” అని ఒకరు, ముక్కకో మాటగా అన్నీ తేలిపోయాయి. ఆ ఆట అయ్యి, మళ్ళీ పేక కలిపేటప్పుడు మాత్రం ఆవిడ చేతులు వణికాయి. పక్కనున్నావిడ పేక అందుకుని తనే కలిపి, కోతకి మళ్ళీ ఆవిడ ముందే పెట్టింది.

తర్వాత వైద్యం సాగింది. ఆ నెలల్లో ఆట ఆవిడ ఇంట్లోనే పెట్టుకున్నాం. కీమో అయిన వారంలో కూర్చోలేకపోతే మంచం పక్కనే బల్ల వేసి ఐదుగురం ఆడితే చూసింది, మా ముక్కలన్నీ చూసేసి సలహాలు కూడా ఇచ్చింది. ఇప్పుడు బాగుంది. జుట్టు ఒత్తుగా వచ్చింది. ఫుల్ కౌంట్లతో మమ్మల్ని ముంచుతోంది.

ఇలాంటి చోటుకి కొన్ని కట్టుబాట్లు కావాలి, ఉంటేనే నిలుస్తుంది. బల్ల దగ్గర విన్నది గుమ్మం దాటకూడదు, భర్తలకి కూడా చెప్పకూడదు. ఆట ఎవరింట్లో జరిగితే ఆవిడ ఆ మధ్యాహ్నం వంటింట్లో అడుగు పెట్టకూడదు. ఇది అన్నిటికన్నా ముఖ్యం. టీ ఆ ఇంటి మగవాళ్ళు పెడతారు. మొదట్లో అల్లం ఎక్కువైంది, పంచదార తక్కువైంది, ఇప్పుడు బాగానే పెడుతున్నారు. డబ్బు విషయంలో అవుటైనప్పుడల్లా ఇరవై రూపాయలు స్టీలు డబ్బాలో వేయాలి. గెలిచినావిడ ఆ డబ్బు ఇంటికి పట్టుకుపోదు. అసలు డబ్బే లేకుండా ఆడుకోవచ్చుగా అంటారేమో. డబ్బాలో వేయాల్సింది కొంచెమైనా ఉంటేనే ముక్క పడేసే ముందు ఆలోచిస్తారు, ఆలోచిస్తేనే ఆట రుచిగా ఉంటుంది. అలాగని ఇరవైని యాభై చేద్దామన్న మాట వస్తే ఒప్పుకోవద్దు. మాలో పెన్షను వచ్చేవాళ్ళున్నారు, పిల్లలిచ్చిన దాంతో గడుపుకునేవాళ్ళూ ఉన్నారు. అందరిలోకీ చేతిలో డబ్బు తక్కువ ఆడేవారికి ఏది భారం కాదో అదే పందెం. ఆ డబ్బా నిండాక దానికి కొంత కలుపుకుని అందరం విశాఖలో అరకు రైలెక్కాం. సొరంగాలన్నీ దాటేలోపు రెండు ఆటలు కూడా పూర్తిచేశాం.

చివరి దాకా నిలిచినావిడ వచ్చే నెల టిఫిను ఏం కావాలో చెబుతుంది. అందరికన్నా ముందు అవుటైనావిడ చేసో, చేయించో, కొనో తెస్తుంది. పులిహోరా సున్నుండలూ ఎప్పుడైనా సరేగానీ, గారెలూ బజ్జీలూ ఆటయ్యాకే. నూనె చేతులు తగిలితే ముక్కలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. మన కోస్తా ఊళ్ళ ఉక్కకి కాగితం పేక ఉబ్బిపోతుంది కాబట్టి కాస్త ఖరీదైనా ప్లాస్టిక్‌వే కొనండి, తడిగుడ్డతో తుడుచుకోవచ్చు.

ఆరుగురు దొరక్కపోతే నలుగురు చాలు. నీకెవరున్నారని అడిగితే చాలామంది మొదట ఎవరూ లేరంటారు. ఫోను తీసి, పుట్టినరోజుకీ సంక్రాంతికీ మెసేజ్ మాత్రం పెట్టి ఊరుకునే పాత స్నేహితురాలి నంబరు చూడండి. అదే ఊళ్ళో ఉండి కూడా కలవని మనిషి తప్పకుండా ఒకరుంటారు. ఆవిడకి పేకాట రాకపోయినా ఏం పర్వాలేదు. మొదటి ఆటలు ముక్కలన్నీ బల్ల మీద తెరిచి పరుచుకుని, ఇది సీక్వెన్సు, ఇది ట్రిప్లెట్టు, ఇది ఎందుకూ పనికిరాదు అని ఒకరికొకరు చూపించుకుంటూ ఆడండి. నాలుగో ఆటకల్లా ఆవిడే చెయ్యి అడ్డం పెట్టుకుని, మీకు కనబడకుండా ముక్కలు దాచుకుంటుంది.