నిండుకున్న డబ్బాలు: సరుకుల చీటీ మీద ఒక పాఠం

పోయిన సంక్రాంతి సెలవుల్లో నానమ్మ దగ్గరికి వెళ్లాను. తెనాలి దగ్గర పల్లెలో ఆవిడ ఒక్కతే ఉంటుంది. తిరిగొచ్చే రోజు పొద్దున టౌనుకి బండి తీస్తుంటే వాకిట్లోకి వచ్చి సరుకులు చెప్పింది. "కందిపప్పు కిలో, చింతపండు అరకిలో, మెంతులు, జీలకర్ర, ఇంగువ, బెల్లం, వంటసోడా, దీపం నూనె, అగ్గిపెట్టెలు. బియ్యం కూడా నిండుకున్నాయి నాన్నా." సరే సరే అంటూ కిక్కు కొట్టాను.

తెచ్చినవేంటయ్యా అంటే కందిపప్పు, చింతపండు, దీపం నూనె, అగ్గిపెట్టెలు, ఎవరూ అడగని చిప్స్ పాకెట్లు రెండు. సంచీ గుమ్మంలో పెట్టి బస్సుకి పరిగెత్తాను. వారం తర్వాత పక్కింటి అత్తయ్య ఫోన్లో మాటల మధ్య చెప్పింది, నానమ్మ రెండు రోజులు ఉప్మాతోనే గడిపిందని. ఎందుకు చెప్పలేదే అని నానమ్మని అడిగితే, "పరీక్షల హడావిడిలో మర్చిపోయి ఉంటావులే" అంది. అసలు సంగతి ఆవిడకి ఇప్పటికీ చెప్పలేదు. బియ్యం సంగతి నేను మర్చిపోలేదు. నిండుకున్నాయి అంటే డబ్బా నిండా ఉన్నాయనుకున్నాను!

క్లబ్బులో ఈ మాట చెబితే సగం మంది నవ్వారు, మిగతా సగం "మరి అర్థం అది కాదా?" అన్నారు. ఆ రెండో సగం కోసమే ఈ పాఠం.

తెలుగిళ్లల్లో బియ్యం, ఉప్పు, పసుపు, నూనె లాంటివాటిని "అయిపోయాయి" అనరు. ఇంట్లో లేమిని నోటితో పలకకూడదని నమ్మకం. అందుకే ఉన్నదానికి సరిగ్గా ఎదురుగా ఉండే మాట వాడతారు. డబ్బా ఖాళీ అయితే "నిండుకుంది". దీపం ఆరిపోతే "కొండెక్కింది". బయటికి పోయేవాడు "వెళ్తాను" అనడు, "వెళ్లొస్తాను" అంటాడు. దీన్ని సభ్యోక్తి అంటారు. ఇక్కడ చిక్కేమిటంటే, ఈ మాట అర్థం కావాలంటే వినేవాడు కూడా ఆ వంటింట్లో పెరిగి ఉండాలి. మనం హాస్టల్ మెస్సుల్లో పెరిగినవాళ్లం. మనకి నిండుకోవడం అంటే నిండడమే.

ఇక నిజంగా మర్చిపోయిన వాటి సంగతి. మళ్లీ చూడండి: మొదటి రెండూ తెచ్చాను, చివరి రెండూ తెచ్చాను, మధ్యలో అయిదూ పోయాయి. ఇది నా ఒక్కడి గొప్పతనం కాదు. వరసగా చెప్పినవాటిలో మొదటివీ చివరివీ గుర్తుండి మధ్యవి జారిపోవడం మనస్తత్వశాస్త్రంలో బాగా తెలిసిన విషయమే. మొదటివాటిని మనసులో తిప్పుకోవడానికి టైం దొరుకుతుంది, చివరివి ఇంకా చెవిలో మోగుతూ ఉంటాయి. మధ్యవాటికి ఆ రెండూ లేవు. 1956లో జార్జ్ మిల్లర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త మనిషి ఒక్కసారి పట్టుకోగలిగేది ఏడు, ఒకటి రెండు అటూ ఇటూ అన్నాడు. 2001లో నెల్సన్ కోవన్ అంత కూడా కాదు, సుమారు నాలుగే అన్నాడు. నేను తెచ్చినవి సరిగ్గా నాలుగు. చిప్స్ లెక్కలోకి రావు.

మరి నానమ్మకి పది ఎలా గుర్తున్నాయి? ఆవిడ చదువుకోలేదు, చీటీ రాయదు. ఈసారి వెళ్లినప్పుడు గమనించాను. సరుకులు చెప్పేముందు వంటింట్లోకి వెళ్లి నిలబడుతుంది. అరల వైపు ఎడమ నుంచి కుడికి చూస్తుంది. డబ్బాల మీద వేలితో కొడుతుంది, ఆ చప్పుడుని బట్టి లోపల ఎంతుందో ఆవిడకి తెలుస్తుంది. తర్వాత పోపుల డబ్బా మూత తీస్తుంది. అందులో ఏడు గిన్నెలు (మిల్లర్ గారి ఏడుకీ దీనికీ సంబంధం కలపొద్దు, గుండ్రటి డబ్బాలో మధ్యన ఒకటీ చుట్టూ ఆరూ సరిపోతాయి, అంతే). అంటే ఆవిడ జాబితాని బుర్రలో కాదు, గోడ మీద దాచుకుంది. గ్రీకు కవి సైమనిడీస్ గురించి ఇలాంటి కథే ఉంది. విందుశాల పైకప్పు కూలి అతిథులంతా గుర్తుపట్టలేనట్టు అయిపోతే, ఎవరు ఎక్కడ కూర్చున్నారో తలుచుకుని ఒక్కొక్కరినీ చెప్పాడట. చోటుని పట్టుకుంటే వస్తువు దానంతటదే వస్తుంది. బండి మీద కూర్చుని విన్న నాకు ఆ చోటు లేదు, ఉత్త మాటలే ఉన్నాయి.

సాహిత్య క్లబ్బు కాబట్టి ఇంకో దారి చెప్తాను. మన అవధానులు అన్ని పద్యాల్నీ చివర్లో ధారణ చేస్తారు కదా, వాళ్లకి ఛందస్సు ఒక ఊత. పద్యంలో ప్రాస అంటే ప్రతి పాదంలో రెండో అక్షరంగా అదే హల్లు రావడం. అచ్చు మారొచ్చు. ఈ లెక్కన కిరాణా కొట్టుని చూడండి. ఉప్పు, పప్పు ప్రాస కుదిరాయి. ఉల్లి, అల్లం, బెల్లం, వెల్లుల్లి నాలుగింటికీ రెండో అక్షరం లకారం మీద లకారమే. నాలుగు పాదాల పద్యానికి సరిపడా ప్రాస! చింతపండుకీ మెంతులకీ సున్న తర్వాత తకారం. పసుపు, పెసలు మరో జత. ఇంగువ మాత్రం ఎవరితోనూ కలవదు, అందుకే కాబోలు ఎప్పుడూ మర్చిపోయేది అదే. ఉగాది పచ్చడికైతే ఈ తిప్పలేం లేవు, ఆరు రుచులు లెక్కపెట్టుకుంటే ఆరు సరుకులూ గుర్తొస్తాయి.

తాతయ్య మాత్రం చీటీ రాసేవాడు. ఆయన పెట్టెలో ఒకటి దొరికింది. పైన "పసుపు" అని ఉంది, మా ఇంట్లో ఏ జాబితా అయినా పసుపుతోనే మొదలవ్వాలి. కింద వీశె, పదలం. మెట్రిక్ తూకాలకి చట్టం 1956లోనే వచ్చినా ఆయన చేతికి అలవాటు పోలేదు. వీశె అంటే నలభై పలాలు, ఇప్పటి లెక్కలో 1.4 కిలోలు. పదలం అంటే పది పలాలు, 350 గ్రాములు. తెలుగులో భిన్నాలకి విడిగా అంకెలు ఉండేవి: నిలువు గీతలు పావుల లెక్కకి, అడ్డగీతలు ఆ పావులో పావుల లెక్కకి. నాలుగు ఆధారంగా నడిచే పద్ధతి అన్నమాట. 2008లో యూనికోడ్‌లో కూడా చేరాయి. కోడింగ్ చేసేవాళ్లు ఒకసారి చూడండి, సరదాగా ఉంటాయి.

ఆ చీటీలో నన్ను ఆపింది వేరే. చివర్లో "ఇంగువ" అని వేరే చేతిరాతలో ఉంది. అది కొట్టాయన రాతట, నానమ్మ చెప్పింది. ఆ రోజుల్లో చీటీ కొట్టాయన చేతికి ఇచ్చేవాళ్లు. ఆయన పొట్లాలు కడుతూ "ఈ నెల ఇంగువ రాయలేదేం?" అని అడిగి తనే చేర్చేవాడు. మనం డేటా పంపేటప్పుడు తప్పు దొర్లిందేమో చూసుకోవడానికి అదనపు బిట్లు కలుపుతాం కదా, ఆయన చేసిన పని అదే. సూపర్ మార్కెట్లో బిల్లు వేసే అబ్బాయికి మన ఇల్లు తెలీదు, అడగడు. అక్కడ చీటీ ఇంకొకరికి పంపే కబురు కాదు, మనకి మనం రాసుకున్నదే. కాబట్టి అది కొట్టులో నడిచే వరసలో ఉండాలి. పప్పులు ఒకచోట, సబ్బులు ఒకచోట. లేకపోతే చివరి అర నుంచి మొదటి అరకి మళ్లీ నడుస్తాం, దారిలో చిప్స్ తగులుతాయి.

మొన్న శివరాత్రికి వెళ్లినప్పుడు నానమ్మ వంటింట్లో నిలబడి చెప్పింది, నేను పక్కన నిలబడి రాశాను. పసుపు, మెంతులు, జీలకర్ర, బెల్లం, వంటసోడా. రాయడం అయ్యాక బియ్యం డబ్బా మీద నేనే వేలితో కొట్టి చూశాను. "నిండుకున్నట్టున్నాయే నానమ్మా" అన్నాను. ఆవిడ నా వైపు చూసి, "పది కిలోలు రాయి" అంది. బండి తీసి వీధి చివర దాకా వెళ్లాక గుర్తొచ్చింది, ఇంగువ మళ్లీ రాయలేదు.