మోటారు బండ్ల కరెంటు పని – మన ఐ.టి.ఐ. యువకులు

తుని ప్రక్కగా పోవు చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారిమీద రాత్రింబగళ్లు లారీలు నడచుచుండును. చుట్టుప్రక్కల గ్రామములలో ట్రాక్టర్లకు, ఆటోలకు కొదువ లేదు. ఇన్ని బండ్లున్నచోట, రెండేండ్లు మోటారు మెకానిక్కు శిక్షణ పొంది సర్టిఫికెట్టు చేతబట్టిన పిల్లవాడు పని దొరకక ఇంటివద్ద నుండుట ఎందువలన? ఈ సంగతిని పంచాయతీ సభ్యులతో కలసి విచారింపదలచితిమి.

తీగ కలుపువారు షెడ్లలో పలువురుందురు. దోషమెక్కడనున్నదో కనిపెట్టువారు అరుదు. యజమాని జీతమిచ్చుటకు వెనుదీయనిది ఈ రెండవవానికే.

దుక్కి దినములలో ట్రాక్టరు సెల్ఫ్ కొట్టగా టిక్కుమని ఆగిపోయినదనుకొందము. పని తెలియనివాడు బ్యాటరీ పోయినదనును. రైతు వేల రూపాయలు పోసి క్రొత్తది కొనును. మరునాడు మరల అదే టిక్కు. పని తెలిసినవాడు మొదట మల్టీమీటరు తీయును. నిండుగా చార్జి అయిన 12 వోల్టుల బ్యాటరీ, బండి ఆగియున్నపుడు, ఇంచుమించు 12.6 వోల్టులు చూపవలెను. అది సరిగానున్నచో, మీటరు ఒక కొనను బ్యాటరీ నెగెటివు టెర్మినలుపై, రెండవ కొనను ఇంజను ఇనుముపై ఆనించి, సెల్ఫ్ కొట్టించి చూచును. అర వోల్టుకు మించి చూపెనా, ఎర్తు తీగ కలిపినచోట త్రుప్పో, వదులో ఉన్నదన్నమాట. నెగెటివు తీగను విప్పి, గరుకు కాగితముతో రుద్ది బిగించిన బండి కదలును. ఖర్చు లేదు. సముద్రపు గాలి తగులు మన ప్రాంతమున ఈ త్రుప్పు తగాదా హెచ్చు. ఇంజను నడచుచుండగా బ్యాటరీవద్ద 14 వోల్టుల ప్రాంతము రాకున్నచో దోషమును ఆల్టర్నేటరు వైపు వెదకవలెను. పెద్ద లారీలలో 24 వోల్టులుండును గనుక ఈ కొలతలన్నియు రెట్టింపగును.

2020 ఏప్రిల్ 1 నుండి దేశమున అమ్ము క్రొత్త కార్లు, లారీలు, మోటారు సైకిళ్లు బి.ఎస్. 6 ప్రమాణములకు లోబడినవి. పొగను తగ్గించుటకై వానిలో సెన్సార్లు పెరిగినవి. ఇంధనమును లెక్కించి పంపు ఇ.సి.యు. అను పెట్టె ముఖ్యమైనది. స్కానరు ఒక కోడు చూపగానే ఆ సెన్సారును మార్చివేయుట నేటి పొరపాటు. తీగ తెగినను అదే కోడు రావచ్చును. వెనుకటి అలవాటున బల్బు పెట్టి ఇ.సి.యు. తీగలను పరీక్షించుట మరింత ప్రమాదము, పెట్టెయే కాలిపోవచ్చును. స్కానరు కొన్నను మీటరు పట్టుట తప్పదు.

1961 నాటి అప్రెంటిసుల చట్టము క్రింద, 30 మందికి తక్కువ కాని సిబ్బంది గల సంస్థలు అప్రెంటిసులను తీసికొనవలసియున్నది. వారికి స్టైపెండు ముట్టును. ఆర్టీసీ డిపోలలోను ఐ.టి.ఐ. వారిని ఇట్లు తీసికొందురు. ప్రకటన చూడక గడువు దాటబెట్టుకొనువారున్నారు. ఆ ప్రకటనను పంచాయతీ కార్యాలయమున అంటించుట సభ్యులకు కష్టము కాదు.

చిన్న షెడ్డులో చేర్చునపుడు మాత్రము, పిల్లవానిని మీటరు పట్టనిత్తురా అని ముందే అడుగుడు. స్పానర్లు అందించుటతోనే ఏడాది గడచుట మేమెరుగుదుము. ఈ పనికి కండబలముకంటె ఓర్పు ముఖ్యము. ఆడపిల్లలను దీనికి పంపకుండుట ఎందులకో మాకు బోధపడదు.

పంచాయతీకి ట్రాక్టరున్నచో, అనుభవముగల మేస్త్రీ ఎదుట నెలకొకమారు దాని బ్యాటరీ, ఎర్తు, చార్జింగు కొలతలను ఈ యువకులచేత తీయించి, తేదీతో ఒక పుస్తకమున వ్రాయింపుడు. పని అడుగబోవునపుడు సర్టిఫికెట్టుతోపాటు ఆ పుస్తకమునుగూడ వారు చూపవచ్చును.