పాఠం 9: కారులో రెండు యాంప్లిఫయర్లు అమర్చడం

మీరు భిలాయిలోని సుపేలాలో కారు స్టీరియో పని నేర్చుకుంటున్నారనుకుందాం. ఒక యాంప్లిఫయరు ఉన్న కారు తెచ్చి, డిక్కీలో వూఫరు కోసం ఇంకొకటి పెట్టమని ఒకాయన అడిగాడు. పాత తీగకే దాన్నీ తగిలిస్తే పని పది నిమిషాల్లో అయిపోతుంది, పాట కూడా వినిపిస్తుంది. కాని కారు అంటుకునే ప్రమాదం అక్కడే ఉంది. ఎలాగో లెక్క కట్టి చూద్దాం.

ఒక్కొక్క యాంప్లిఫయరుకు 30 ఆంపియర్ల ఫ్యూజు ఉందనుకోండి. రెండూ గట్టిగా మోగితే తీగలో 60 ఆంపియర్ల దాకా ప్రవహించవచ్చు. బ్యాటరీ నుండి డిక్కీకి 5 మీటర్ల రాగి తీగ వేశారు. అది 4 చదరపు మిల్లీమీటర్లదైతే దాని నిరోధం సుమారు 0.022 ఓములు. ఓం నియమం ప్రకారం 60 × 0.022, అంటే 1.3 వోల్టులకు పైగా తీగలోనే తగ్గిపోతాయి. ఆ తీగలో పుట్టే వేడి దాదాపు 79 వాట్లు! మీరు వాడే 25 వాట్ల సాల్డరింగ్ ఐరన్ ఎంత కాలుతుందో మీకు తెలుసు. ఇక్కడ మూడింతల వేడి, పొడవునా పరచుకున్నా సరే, కార్పెట్ కింద దాగి ఉంది. 16 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే ఇది నాలుగో వంతుకు తగ్గుతుంది.

ఇక ఫ్యూజు సంగతి. బ్యాటరీ దగ్గరి ఫ్యూజు కాపాడేది యాంప్లిఫయరును కాదు, తీగను. కాబట్టి 60 ఆంపియర్ల ఫ్యూజును బ్యాటరీకి 45 సెంటీమీటర్ల లోపే పెట్టాలి. డిక్కీలో పెడితే, బానెట్ రేకు రంధ్రం దగ్గర తీగ ఒరుసుకుని షార్ట్ అయినప్పుడు దాన్ని ఆపేది ఏదీ ఉండదు. ఆ రంధ్రానికి రబ్బరు వాషరు తప్పనిసరి. డిక్కీలో డిస్ట్రిబ్యూషన్ బ్లాకు పెట్టి, అక్కడి నుండి సన్నబడే ప్రతి శాఖకూ వేరే 30 ఆంపియర్ల ఫ్యూజు వేయండి.

విద్యుత్తు తిరిగి వెళ్ళే దారి కారు బాడీ. భిలాయి ఉక్కు కర్మాగారంలో తయారయ్యే రైలు పట్టాలు మీకు తెలిసినవే. విద్యుత్ రైలింజను పైతీగ నుండి తీసుకున్న కరెంటు ఆ పట్టాల గుండానే తిరిగి వెళ్తుంది. కారు రేకు కూడా అలాంటిదే. రెండు యాంప్లిఫయర్ల ఎర్త్ తీగలనూ, రంగు గీకిన ఒకే చోట, గట్టిగా బోల్టు చేయండి. వేర్వేరు చోట్ల బిగిస్తే ఇంజను వేగంతో పాటు పెరిగే కూత స్పీకర్లలో వినిపించవచ్చు.

పని మొదలుపెట్టే ముందే బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పడం మరవకండి.

పాఠ్యగత ప్రశ్న: ఇదే కారులో 20 ఆంపియర్ల ఫ్యూజు గల మూడో యాంప్లిఫయరు చేర్చితే, 16 చదరపు మిల్లీమీటర్ల తీగలో ఎన్ని వోల్టులు తగ్గుతాయి?

జవాబు: సుమారు 0.44 వోల్టులు.