యార్డు గుమాస్తా లెక్క తప్పుతుంటే

అమ్మలూ,

ముందు జవాబు చెబుతాను, తర్వాత తిడతాను. మీ మిర్చి యార్డు గుమాస్తాకి హెచ్ఐవీ మెదడుకి ఎక్కిందని నువ్వు రాసిన నాలుగు పేజీల్లో ఎక్కడా రుజువు లేదు. వైరల్ లోడ్ ఏళ్ళుగా కనపడనంత తక్కువ, మందులకి ఒక్క నెల తప్పలేదు, అయినా ఈమధ్య టిక్కీల లెక్క తేడా వస్తోంది, రైతుల పేర్లు నోటికి రావడం లేదు. ఇంతే కదా నీకు తెలిసింది? ఈపాటి దాన్నిబట్టి నువ్వూ తేల్చలేవు, నేనూ తేల్చలేను, మీ మెడికల్ ఆఫీసరు గారూ తేల్చలేరు.

ఇక తిట్టు. అర్ధరాత్రి ఫోనులో "హెచ్ఐవీ ఉన్నవాళ్ళలో సగం మందికి మెదడు దెబ్బతింటుంది" అన్న ముక్క చదివి, తెల్లారి అదే మొహంతో అతని ఎదురుగా కూర్చున్నావా లేదా? నీ మొహంలో ఏదీ దాగదు. చిన్నప్పట్నుంచీ అంతే. అతను అది చూసే భయపడి ఉంటాడు.

ఆ సగం లెక్క ఎక్కడిదో విను. అమెరికాలో 1,555 మందికి పరీక్షలు చేసి 2010లో అచ్చువేసిన చార్టర్ అధ్యయనం అలాంటి లెక్కల్లో బాగా పేరున్నది. 52 శాతం మందికి మార్కులు తక్కువొచ్చాయి, నిజమే. కానీ వేరే జబ్బులు మరీ కలగలిసినవాళ్ళని పక్కనపెడితే, 33 శాతం మందికి మార్కులు తగ్గినా రోజువారీ పనుల్లో ఏ ఇబ్బందీ కనపడలేదు. కొద్దిపాటి ఇబ్బంది ఉన్నవాళ్ళు 12 శాతం. మతి పూర్తిగా చెడి ఒకరి మీద ఆధారపడే దశ 2 శాతమే. దానికి తోడు ఆ రోజుల్లో వాడిన కొలబద్ద 2007 నాటిది. కనీసం అయిదు రకాల సామర్థ్యాలు పరీక్షించి, ఏ రెండిట్లో కాస్త తగ్గినా లోపం కింద రాసేసేవాళ్ళు. ఏ జబ్బూ లేనివాళ్ళని కూర్చోబెట్టినా దాదాపు అయిదుగురిలో ఒకరు ఆ గీత కిందికి వస్తారని తర్వాత లెక్కగట్టారు. 2023లో పలు దేశాల నిపుణులు కూర్చుని, పరీక్షలో మార్కు తగ్గడం వేరు, మెదడుకి దెబ్బ తగలడం వేరు, రెండిటినీ కలపొద్దని రాశారు. ఇది నీ ఫోను నీకు చూపించలేదు.

నేను హెచ్ఐవీ మందులిచ్చే సెంటర్లో ఉన్నన్నాళ్ళూ కొత్త పిల్లలకి ఒకటే నూరిపోసేదాన్ని. ఏం మర్చిపోతున్నారని అడక్కండే, ఏ పని చెయ్యలేకపోతున్నారో అడగండి. మర్చిపోవడం గురించి అడిగితే ప్రతివాళ్ళూ తల ఊపుతారు, నాతో సహా. పని గురించి అడిగితే మనిషి బయటపడతాడు. వంట చేసేవాళ్ళయితే చారు, కూర, అన్నం మూడూ ఒకేసారి చూసుకోగలుగుతున్నారా? కొట్లో ఉండేవాళ్ళయితే చిల్లర ఇచ్చేటప్పుడు ఎంతసేపు పడుతోంది? హెచ్ఐవీ వల్ల తగ్గేది ఎక్కువగా ఈ చురుకే. ఆలోచన నెమ్మదించడం, రెండు పనులు కలిపి చెయ్యలేకపోవడం, చేతుల వేగం తగ్గడం. అందుకే ముసలివాళ్ళ మతిమరుపుకి పెట్టే ప్రశ్నల కాగితం ఇక్కడ అంతగా పనికిరాదు. పైగా బలపం పట్టని మనిషి చేతికి పెన్సిలిచ్చి బొమ్మ గీయమంటే ఆమె సిగ్గుతో ముడుచుకుపోతుంది. నాలుగు మాటలు చెప్పి కాసేపాగి అడగడం, వేళ్ళు టకటకా ఆడించమనడం, పిడికిలి, అరచెయ్యి, చెయ్యి అంచు వరసగా బల్ల మీద పెట్టమనడం, ఈ చిన్న పరీక్షకి చదువు అక్కర్లేదు. 12కి 10, అంతకంటే తక్కువ వస్తే ఇంకా లోతుగా చూడాలని అర్థం, అంతే. దాన్ని బుక్కులో జబ్బు పేరుగా రాసేయకు.

జాకెట్లు కుట్టే ఒకావిడ గుర్తొస్తోంది. కొలతలు రాసుకునీ ముందుభాగం, వెనకభాగం తారుమారు చేస్తోందని పనిచ్చేవాళ్ళు మానేశారు. సీడీ4 కణాల లెక్క బాగుంది, వైరల్ లోడ్ బాగుంది. అందరం వైరస్ వైపే చూస్తున్నాం. మా ఎం.ఓ. గారు మాత్రం, ఇంట్లో ఉన్న మాత్రలన్నీ సంచిలో వేసుకు రమ్మన్నారు. తొలి ఏళ్ళలో వాడిన స్టావుడిన్ వల్ల అరికాళ్ళ మంటలు మిగిలిపోయాయి ఆవిడకి. వాటికి బయట డాక్టరు అమిట్రిప్టిలిన్ రాశాడు. తుమ్ములకి మందుల షాపు అబ్బాయి ఇచ్చిన క్లోర్‌ఫెనిరమిన్ మాత్ర రోజూ వేసుకుంటోంది. రెండూ కలిసి జ్ఞాపకానికి కావలసిన ఒక రసాయనాన్ని అడ్డుకుంటాయి. నోరు ఎండుతుంది, బుర్ర మబ్బుగా ఉంటుంది. జలుబు మాత్ర మానిపించి, రెండోదాన్ని మెల్లగా తగ్గించాక ఆవిడ కుట్టు మిషను మళ్ళీ ఆడింది. అందుకే మొదట సంచి విప్పించు. ఆ తర్వాత బి12, థైరాయిడ్, సిఫిలిస్ పరీక్షలు, బీపీ, షుగరు, తాగుడు, నిద్ర. దిగులు గురించి నువ్వే అడగాలి, వాళ్ళంతట వాళ్ళు చెప్పరు.

ఇంట్లోవాళ్ళని పిలిచి అడుగుదామా అన్నావు. ఆగు. మతి సంగతి మనిషి తనకంటే పక్కవాళ్ళకి ముందు తెలుస్తుంది, నిజమే. కానీ అతని కొడుక్కి జబ్బు సంగతి తెలుసో లేదో నీకు తెలుసా? రాతపూర్వకంగా ఒప్పుకోనిదే చెప్పకూడదన్న చట్టం 2017లో వచ్చింది, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. చట్టం లేకపోయినా చెప్పకూడదు. "నీ రోజు ఎలా గడుస్తోందో ఎవర్ని అడగమంటావు?" అని అతన్నే అడుగు. భార్య కూడా మీ దగ్గరే మందులు తీసుకుంటుంటే దారి సుళువు. ఎవర్నీ వద్దంటే, పోయినేడాది లెక్కల పుస్తకం, ఈ ఏడాది పుస్తకం రెండూ తెమ్మను. కొట్టివేతలు నువ్వే పోల్చుకోవచ్చు.

"మందు మెదడుకి చేరదా మేడమ్?" అని అడిగాడన్నావే, దానికి తప్పించుకోకు. వైరస్ ఒంట్లోకి వచ్చిన తొలి వారాల్లోనే మెదడుకి చేరుతుంది. ఆలోచించే కణాల్లోకి వెళ్ళదు, వాటికి కాపలా కాసే కణాల్లో కూర్చుంటుంది. మందు కొత్త వైరస్‌ని పుట్టనివ్వదు కానీ, కొందరిలో వాపు నివురుగప్పిన నిప్పులా మిగులుతుంది. ఇతను 2007లో, సీడీ4 బాగా పడిపోయాక మందులు మొదలుపెట్టాడన్నావు. అప్పట్లో మన దగ్గర సాధారణంగా అది 200 కిందికి దిగితేగానీ ఇచ్చేవాళ్ళు కారు. పరీక్షలో పాజిటివ్ రాగానే అందరికీ ఇవ్వడం 2017 నుంచే. ఆనాడు తగిలిన దెబ్బ తాలూకు మచ్చ ఉండొచ్చు. ఆ మచ్చ రోజురోజుకీ పెరిగేది కాకపోవచ్చు, ఆ మాటా చెప్పు. మెదడులోకి బాగా దిగే మందని మార్చినంత మాత్రాన బాగుపడతారని రుజువు కాలేదు. కాబట్టి ఊళ్ళో ఎవరో చెప్పారని మాత్ర మార్చమంటే ఒప్పుకోవద్దు.

ఒక్కచోట మాత్రం తాత్సారం చెయ్యకు. వారాల్లోనే తేడా ముదురుతుంటే, నడక తూలుతుంటే, చేతులు వణుకుతుంటే, తలనొప్పీ జ్వరమూ కలిసొస్తే, ఫిట్స్ వస్తే, ఒక పక్క పడిపోతే, కౌన్సెలింగ్ కాగితాలు పక్కన పడేసి ఎం.ఓ. గారి గదిలోకి తీసుకెళ్ళు. క్షయ, క్రిప్టోకాకస్ లాంటివి మెదడు పొరల్లో ఉండొచ్చు. రక్తంలో వైరస్ కనపడకపోయినా వెన్నులోంచి తీసిన నీటిలో కనపడేవాళ్ళూ ఉన్నారు. మొదటి మందులు పనిచెయ్యనప్పుడు ఇచ్చే సెకండ్ లైన్‌లో అటాజనవిర్, రిటోనవిర్ వాడేవాళ్ళలో ఇది మన దేశంలోనూ చూశారు. మీవాడు టీఎల్‌డీ అనే మాత్ర మీద ఉన్నాడు, తేడా నెలల మీద మెల్లగా వచ్చింది కాబట్టి అంత కంగారు లేదు. అయినా నడిపించి చూడు.

అన్నట్టు, యాభై దాటాడన్నావు. దగ్గర చూపుకి కళ్ళజోడు ఉందా అతనికి? కాటా చీటీల మీద అంకెలు ఎంత సన్నగా ఉంటాయో నీకు తెలీదు. ముందు ఆ సంగతి కనుక్కుని రాయి.

పెద్దమ్మ