మెరిసే లైట్లు – మూర్ఛ

సిర్గాపూర్‌లో పెండ్లి బరాత్ పోతోంది అనుకోండి. లైట్లు టపటపా మెరుస్తున్నాయి. ఒక పిల్ల చేతులు అదిరాయి. కింద పడింది. గాలి సోకిందా? కాదు అక్కా! అది మూర్ఛ కావచ్చు.

మన మెదడులో సన్నని కరెంటు నడుస్తుంది. కొందరి మెదడు మెరిసే వెలుగును ఓర్చుకోదు. కరెంటు అదుపు తప్పుతుంది. మనం వద్దన్నా కండరాలు అదురుతాయి.

టీవీతో కూడా ఇలా జరుగుతుంది. 1997లో జపాన్‌లో టీవీ బొమ్మల కథలో ఎరుపు, నీలం వెలుగులు గబగబా మెరిశాయి. దాదాపు 700 మందిని దవాఖానకు తీసుకుపోయారు. వారిలో ఎక్కువమంది పిల్లలే.

మరి ఏం చేయాలి? లైట్లు ఆపాలి. పిల్లను పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. చేతిలో తాళాలు పెట్టొద్దు. నోట్లో నీళ్లు పోయొద్దు. 5 నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోన్ చేయాలి. తగ్గినా నారాయణఖేడ్ దవాఖానలో చూపించాలి. రోజూ మందు వేసుకుంటే చాలామందికి మూర్ఛ అదుపులో ఉంటుంది.