బంగారక్క పెదవులు కలవాలి

మన శాఖ వార్షికోత్సవానికి బంగారక్క బొమ్మ చేద్దామని ముందు నోరు జారింది నేనే. మాది మండికల్లు. బోర్డులన్నీ కన్నడంలో, మాటలన్నీ తెలుగులో ఉండే ఊరు. మా పక్కనుంచి బాగేపల్లి దాటి ధర్మవరం దిక్కుకు పోతే నిమ్మలకుంట. తోలుబొమ్మల ఊరు. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలు నానబెట్టి, వెంట్రుకలు గీకి, ఆరబెట్టి, బొమ్మ గీసి, కన్నాలు కొట్టి, రంగులు వేస్తారు. భుజం దగ్గర, మోచేతి దగ్గర దారంతో ముడి. తెర మీద చెయ్యి ఆడితే చాలు, ఆ పాత్రే మాట్లాడుతున్నదని మనం ఒప్పేసుకుంటాం. నోరు కదల్లేదని ఎవరూ అడగరు.

మాకు తోలుపని రాదు. పైగా ఆట పగలు, క్లాసు గదిలో. అందుకని లోపల చెయ్యి పెట్టి నోరు ఆడించే మెత్తటి ఫోమ్ బొమ్మ చేద్దామనుకున్నాం. నోరు ఆడించాలి అనుకున్నామో లేదో, వ్యాకరణం వచ్చి అడ్డం పడింది.

ముందు పని సంగతి. చెరువు బంకమన్నుతో తల చేసి, దాని మీద ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసి, ముందు సగం, వెనక సగంగా అచ్చు తీశాం. చెయ్యి పట్టే ఖాళీ కోసం లోపల ఇంకో ప్లాస్టర్ ముద్ద ఉండాలి. ఈ ముద్దకీ అచ్చు గోడకీ మధ్య ఎంత సందు ఉంటే ఫోమ్ అంత మందం. రబ్బరు పాలను నురగలా గిలక్కొట్టి అచ్చులో పోసి ఉడికించే పద్ధతి పాతది, 1929లో డన్లప్ కంపెనీ వాళ్లు కనిపెట్టారు. దానికి ఓవెన్ కావాలి. మేం తీసుకున్నది పాలీయురెథేన్, రెండు సీసాల మందు. 1937లో జర్మనీలో ఒట్టో బేయర్ మొదలుపెట్టిన రసాయనం. రెండూ కలిపితే దోసెపిండి రాత్రంతా పొంగినంత పని నిమిషాల్లో అయిపోతుంది. కలిపిన గిన్నె పట్టుకుని ఆలోచిస్తూ నిలబడితే గిన్నెలోనే బొమ్మ తయారు! ఒక సీసాలో ఐసోసయనేట్ ఉంటుంది, ఊపిరితిత్తులకు మంచిది కాదు. ముక్కుకు చున్నీ కట్టుకుంటే సరిపోదు. రసాయనాలకు వాడే ఫిల్టర్ మాస్కు, చేతులకు గ్లౌజులు, గాలాడే వరండా, ఇవన్నీ ఉంటేనే ముట్టుకోవాలి. ఆయాసం ఉన్నవాళ్లు ఆ పక్కకే రావొద్దు.

మొదటి బొమ్మ పాడైంది. అచ్చును రెండు రోజులే ఎండబెట్టాం. తడి మిగిలితే ఆ మందు నీళ్లతో కలిసి కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది, ఎక్కడ పడితే అక్కడ బుడగలు. చెంపలు పాత గోడలా అయినాయి. ముక్కు కొనలో గాలి ఇరుక్కుని బంగారక్కకు ముక్కే లేదు. ఇవి సర్దుకోగల తప్పులు. అసలు తప్పు వేరే. మట్టిలో ఆమెను నవ్వుతున్నట్టు, నోరు తెరిచి చేశాం. ఫోమ్‌ను ఎంత నొక్కినా, వదలగానే పోతపోసిన రూపానికే తిరిగి వస్తుంది. నోరు మూయాలంటే వేళ్లతో గట్టిగా పట్టి ఉంచాలి. రిహార్సల్లో 'అమ్మా' అంటే బొమ్మ నోరు తెరుచుకునే ఉంది. చూసినవాళ్లకు 'ఆఆ' అన్నట్టే!

మేడం క్లాసులో చెప్పిన ఓష్ఠ్యాలు నాకప్పుడు గుర్తొచ్చాయి. ప, ఫ, బ, భ, మ. ఈ ఐదింటికీ పెదవులు పూర్తిగా కలవాలి. వకారం దంతోష్ఠ్యం, దానికి కొంచెం దగ్గరైతే చాలు. తెలుగు అజంత భాష కాబట్టి మాట చివర నోరు మామూలుగా తెరిచే ఉంటుంది, అది బొమ్మకు సుఖం. కానీ 'పుస్తకం' లాంటి మాట చివర సున్న వస్తే మళ్లీ మూయాలి. ద్విత్వం వస్తే మూసి కాసేపు ఆగాలి. 'మామ' అన్నంత వేగంగా 'అమ్మ' అంటే ఆ ఒత్తు కనబడదు. చూసేవాళ్లు పెదాలను చూసే వింటారు. బంగారక్క పేరులో మొదటి అక్షరమే బకారం. తన పేరే తాను చెప్పుకోలేని బొమ్మను ఆడించి ఏం లాభం?

రెండోసారి నోరు మూసి ఉన్నట్టే మట్టిలో చేశాం. అచ్చును వారం రోజులు ఎండలో పెట్టి, లోపల మైనం పూసి, ముఖం కిందికి పెట్టి, ముక్కులోకి ముందు బ్రష్షుతో కొంచెం మందు అద్ది తర్వాత పోశాం. గాలి పోవడానికి వెనక సగంలో రెండు కన్నాలు. చెంపల దగ్గర వేలి మందం, పెదవుల మూలల్లో దాంట్లో సగం. అక్కడ మందంగా ఉంటే మడత పడదు. బయటికి తీశాక పెదవుల గీత వెంబడి బ్లేడుతో కోశాం. ఇప్పుడు చెయ్యి ఊరికే పెట్టినా నోరు మూసుకునే ఉంటుంది. తెరవడానికి మాత్రమే బలం కావాలి.

మొన్న పరీక్షగా 'బొబ్బట్టు' అనిపించాం. మన పక్క ఒబ్బట్టు అంటాం కానీ, రెండుసార్లు పెదవులు కలిసే మాట కావాలని అలా అనిపించాను. మొదటి బ, తర్వాత బ్బ, రెండూ కనిపించాయి. ఎడమ పెదవి మూల ఇంకా కొంచెం బిగువుగా ఉంది. లోపలి ముద్దను అక్కడ కొద్దిగా పెంచితే ఫోమ్ పల్చబడుతుంది. జుట్టుపోలిగాడికి అదే ముద్ద వాడాలి కాబట్టి, అతన్ని పోసేలోపు ఆ మూల సరిచేస్తాం.